మోకు మీద పిల్ల

మణెమ్మ ఆ మ్యూజియానికి చరిత్ర చూద్దామని పోలేదు. గేటు దగ్గర నిలబడి, దాని మొహాన ఉమ్మేసి వద్దామని పోయింది. వారానికి ఒక్కరోజు దొరికే సెలవు అది. తలంటుకుని, ఇంత వండుకు తిని, కాళ్ళు బారజాపుకుని పడుకోవాల్సిన కండక్టరమ్మ, తన డిపో బస్సే ఎక్కి మహబూబ్‌నగర్ దాటాక రోడ్డు పక్కన పెద్ద కమాను ముందు దిగింది. కమాను మీద 'వెనకటి పల్లె' అని రంగులతో రాసి ఉంది. గేటు దగ్గర స్కూలు పిల్లలు, వాళ్ళ టీచర్లు గుంపుగా ఉన్నారు. ఉమ్మితే పాపం ఎవరి మీదో పడేలా ఉంది. సరే, లోపలికే పోయి దాన్ని పెట్టిన డాక్టరు మొహాన్నే ఉమ్ముదామని టికెట్టు తీసుకుంది.

లోపల మొదట ఒక హాలు. అద్దాల బీరువాల్లో గింజలు కొలిచే మానికలు, తవ్వలు, సేద్యపు గొర్రు, దంతె, తుప్పు పట్టిన కొడవళ్ళు. ఇంతకంటే ఎక్కువ సామాను మా అటక మీదే ఉంది గదా అనుకుంది మణెమ్మ. హాలు దాటితే అసలు తమాషా. ఎకరాల కొద్దీ పొలాలు, వాటిలో పాతకాలపు ధోవతులు ఎగగట్టుకుని పనిచేస్తున్న మనుషులు. ఒకచోట గానుగ తిరుగుతోంది, ఒకచోట కుమ్మరి సారె. ప్రతి మనిషికీ తలపాగా కింద, నుదుటి మీద నల్లటి పట్టీ ఉంది. "వీళ్ళు వేషగాళ్ళు కారు. నిన్నటి తరం రైతుల జ్ఞాపకాలే వీళ్ళచేత పని చేయిస్తున్నాయి," అని మైకులో ఒక ఆడపిల్ల తియ్యగా చెబుతోంది. ఆ తియ్యదనానికి మణెమ్మకు ఒళ్ళు మండింది.

మోటబావి అన్నిటికంటే చివర ఉంది. ఒడ్డున గిరక, గిరక మీంచి బావిలోకి వేలాడే పెద్ద తోలుసంచి, ఇవతల ఏటవాలు బాటలో రెండెడ్లు. ఎడ్లు పల్లానికి దిగితే నీళ్ళసంచి పైకి వచ్చి తొట్టిలో కుమ్మరిస్తుంది. వెనక్కి వెనక్కి నడుస్తూ అవి గట్టెక్కితే సంచి మళ్ళీ బావిలోకి దిగుతుంది. ఎడ్లు దిగేటప్పుడు బరువు సాయం చెయ్యడానికి మోట తోలే మనిషి మోకు మీద కూర్చుంటాడు. మోకంటే మణికట్టంత లావు తాడు.

ఇక్కడ మోట తోలేవాడికి నలభై ఏళ్ళుంటాయి. నల్లగా, పొట్టిగా, ముక్కూ మొహం ఎరగని మనిషి. కానీ ఎడ్లను అదిలిస్తూ నాలుక చప్పుడు చేశాడు చూడండి, మణెమ్మ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వాడు మోకు మీద కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు తన ముందు జానెడు జాగా వదిలాడు. ఆ జాగా మణెమ్మది.

మణెమ్మ నాయన కుర్మయ్య బక్కమనిషి. గాలి గట్టిగా వీస్తే పట్టుకోవాలి. ఆయన ఒక్కడి బరువు మోకుకు చాలేది కాదు. పెళ్ళాం చచ్చిపోయింది, ఇంట్లో పిల్లను చూసే దిక్కు లేదు. అందుకని ఐదేళ్ళ పిల్లను పొద్దున్నే భుజాన వేసుకొచ్చి, తన ముందు మోకు మీద కూర్చోబెట్టుకునేవాడు. "మనిద్దరం కలిస్తే ఒక మనిషి బరువు," అని నవ్వేవాడు. ఊరికి కరెంటు మోటార్లు వచ్చేదాకా ఆ పిల్ల మోటలో ఒక భాగం.

ఎడ్లు వెనక్కి నడిచి గట్టెక్కాయి. మోట తోలేవాడు తలెత్తి జనంలోకి చూశాడు. చూపు మణెమ్మ మీద ఆగింది.

"ఏం పిట్టా, గింత ఎండల వచ్చినవ్? డ్యూటీ లేదా ఇయ్యాల?"

జనం నవ్వారు. యాభై ఏళ్ళ ఆడమనిషిని పట్టుకుని నలభై ఏళ్ళ వాడు పిట్ట అంటే నవ్వరా మరి. మణెమ్మ నోట్లో ఉమ్ము ఆరిపోయింది.

"లేదు నాయనా," అంది. ఆ మాట దానంతటదే వచ్చింది.

అంతలో గంట కొట్టారు. యూనిఫాం వేసుకున్న మనిషి ఒకడు వచ్చి, మోట తోలేవాడి నుదుటి మీది పట్టీ విప్పి పెట్టెలో పెట్టుకుపోయాడు. తోలేవాడు కళ్ళు నులుముకుని, ఎదురుగా కొయ్యబారి నిలబడ్డ ఆడమనిషిని చూసి, "ఏమక్కా, ఎవరు కావాలె?" అన్నాడు. మణెమ్మ తట్టుకోలేక తొట్టి గట్టు మీద కూలబడింది. ఒకే నాయన ఎన్నిసార్లు పోతాడు ఏ మనిషికైనా.

రెండేళ్ళ కిందట డాక్టర్ మురహరి జీపు వేసుకుని వాళ్ళ ఊరొచ్చాడు. మనిషి మెదడులోంచి పని జ్ఞాపకాన్ని పట్టీలోకి దించే యంత్రం కనిపెట్టానన్నాడు. మోట తోలిన మనుషులు జిల్లా మొత్తం మీద ఒకరో ఇద్దరో మిగిలారని, వాళ్ళు పోతే ఆ పని కూడా పోతుందని బాధపడ్డాడు. "పాల మీద మీగడ తీస్తే పాలకేం నష్టం కుర్మయ్యగారూ? పాలు పాలలాగే ఉంటాయి," అన్నాడు. తన పని పట్నం పిల్లలు చూస్తారంటే కుర్మయ్య పొంగిపోయాడు. మణెమ్మ డ్యూటీలో ఉండగా జీపెక్కి పోయి, కుర్చీలో కూర్చుని, మోట తప్ప ఇంకేదీ తలచుకోవద్దని వాళ్ళు చెబితే బుద్ధిమంతుడిలా మోటనే తలచుకున్నాడు.

సాయంత్రం మణెమ్మ భుజాన బ్యాగుతో ఇంటికొస్తే, మంచం మీద కూర్చున్న తండ్రి గౌరవంగా లేచి నిలబడ్డాడు. "రాండ్రి తల్లీ, కూసోండ్రి. ఎవరి కోసం వచ్చిన్రు?" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుంది. కాదు. ఊరు గుర్తుంది, ఇరుగుపొరుగు గుర్తున్నారు, పొగాకు కాడ ఎక్కడ దాచాడో అదీ గుర్తుంది. మోట గుర్తు లేదు, కూతురు గుర్తు లేదు. ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఆమె పెట్టిన ముద్ద తింటూ, "ఏ తల్లి కన్నదో గాని, నీ కడుపు సల్లగుండ," అని దీవించేవాడు. వానాకాలంలో పోయాడు. పోయేటప్పుడు కూడా, పరాయి ఇంటి ఆడబిడ్డకు శ్రమ ఇచ్చానే అని నొచ్చుకుంటూ పోయాడు.

మణెమ్మ తొట్టి గట్టు మీంచి లేచి సరాసరి మురహరి ఆఫీసులోకి నడిచింది. తెల్లటి చొక్కా, మెత్తటి చేతులు, మెత్తటి గొంతు. ఆయన కుర్చీ చూపించాడు, నీళ్ళు తెప్పించాడు.

"మీ బాధ నాకు అర్థమైందమ్మా. మేం అడిగింది పని జ్ఞాపకమే. మీ నాన్నగారికి మోట అంటే ఎడ్లు, గిరక, మోకు, మోకు మీద మీరు. యంత్రానికి అవన్నీ పనిముట్లుగానే కనిపించాయి. వాటితోపాటు మిమ్మల్నీ తీసుకుంది. మీకు ముడిపడి ఉన్నవన్నీ మీ వెంటే వచ్చేశాయి."

"ముందుగాల ఎరుకలేదా మీకు?"

"లేదమ్మా. ఆయన ఇంటికి వెళ్ళాక బయటపడింది."

"బయటపడ్డంక మల్ల ఎందుకు పెట్టలేదు ఆయనకు? పెడితే రాదా?"

"వస్తుంది," అన్నాడు మురహరి. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. "కానీ ఒకటే ప్రతి. దానికి నకలు తీయలేం. ఒక ముసలాయన మంచంలో పడుకుని గుర్తు చేసుకునేకంటే, ఇక్కడ వేలమంది పిల్లలు చూస్తున్నారు గదా. ఆలోచించండి. మీ నాన్నగారు పోయినా మోట పోలేదు. వచ్చే నెల వార్షికోత్సవంలో దాతల కుటుంబాలకు శాలువా కప్పుతున్నాం. మీరు తప్పకుండా రావాలి."

ఆ మొహాన ఉమ్మడం మరీ చిన్నపని అనిపించింది మణెమ్మకు.

"వస్త సార్. తప్పకుండ వస్త," అని లేచింది.

కమాను దగ్గర బస్సు కోసం నిలబడితే మోట తోలేవాడు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు సంగప్ప. నారాయణపేట దిక్కు మనిషి, ఒకప్పుడు భాగోతాలాడేవాడు, అవి ఆగిపోయాక ఈ కొలువులో చేరాడు. పట్టీ పెట్టుకున్నప్పుడు తను ఏం మాట్లాడాడో తనకు తెలియదు, జనం చెబితే విన్నాడు.

"ఆ పట్టీల ఉన్నాయన మీ నాయనేనా అక్కా?"

"ఊ."

"నాకు గొడవైతాంది అక్కా. నిద్రల ఎడ్లను పిలుస్తున్ననంట. గౌరిగా, సాలిగా అని. మా ఇంట్ల మేక గూడ లేదు. మా ఆమె భయపడి పుట్టింటికి పోయింది. అన్నం ఉడికేటంత సేపు దాటనియ్యరు, అయినా తడి బట్ట రంగు దిగినట్టు కొంచెం కొంచెం అంటుతది."

"అన్నం ఉడికేటంత సేపు దాటితే?"

సంగప్ప చుట్టూ చూసుకుని గొంతు తగ్గించాడు. "మాకు నేర్పినప్పుడే చెప్పిన్రు. ఎక్కువసేపుంచితే ఇగ పోదంట. సొంత మనిషి కిందికి పోతడు, పట్టీల మనిషి మీదికొస్తడు. ఒళ్ళు మాత్రం నాదే ఉంటది."

"మీ డాక్టరు ఎన్నడన్న పెట్టుకున్నడా?"

"ఆయనా? ముట్టను గూడ ముట్టడు."

బస్సు వచ్చింది. మణెమ్మ ఎక్కలేదు. ఆ బస్సు పోయి, తరవాతి బస్సు వచ్చేదాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. చివర్న సంగప్ప భయపడ్డాడు. "మనిషి పోతడక్కా. పాపం తగుల్తది," అన్నాడు.

"మా నాయన కాడికెల్లి నన్ను తీసినప్పుడు ఎవనికన్న తగిలిందా పాపం? నాకూ తగలదులే," అంది మణెమ్మ.

ఆ నెలంతా నారాయణపేట రూటు ప్రయాణికులకు నరకం కనబడింది. చిల్లర లేదన్నవాడిని, ఫుట్‌బోర్డు మీద వేలాడినవాడిని, సెల్‌ఫోనులో గట్టిగా పాటలు పెట్టినవాడిని మణెమ్మ నిలబెట్టి కడిగేసింది. డ్రైవరు సైతం ఆమె వైపు చూడకుండా బండి నడిపాడు. ఆమె ఆలోచనంతా ఒకటే. ఆ మురహరిగాడు వాడి ఒంట్లోనే వాడు మునిగిపోవాలి. పైకి రావాలని కొట్టుకోవాలి, రాలేకపోవాలి. వాడి చదువు, వాడి మెత్తటి గొంతు, వాడి పేరు అన్నీ పోవాలి. వాడి ఒంట్లో తన నాయన లేచి నిలబడాలి. పగ తీరుతుంది, నాయన దొరుకుతాడు. ఇంతకంటే న్యాయం ఏ కోర్టు చెబుతుంది.

ఇంట్లో తండ్రి మంచాన్ని బయటికి లాగి, ఎండలో వేసి, నవారు విప్పి ఉతికి మళ్ళీ బిగించి అల్లింది. పొగాకు కాడలు తెచ్చి గూట్లో పెట్టింది. మురహరి కొంచెం పొడుగు మనిషి, కాళ్ళు మంచం దాటి వస్తాయేమో అని కూడా ఆలోచించింది. వచ్చినా ఫరవాలేదు, కింద స్టూలు వేయొచ్చు అనుకుంది. ఊళ్ళో వాళ్ళకేం చెప్పాలో మాత్రం ఆలోచించలేదు. పగ పట్టిన మనిషికి ఊరితో పనేముంది.

వార్షికోత్సవం పొద్దున పది దాటాక మొదలైంది. మోటబావి ముందు షామియానా వేసి కుర్చీలు పరిచారు. స్కూలు పిల్లలు, టీచర్లు, హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనుషులు, కెమెరాలు. మురహరి మైకు ముందు నిలబడి కుర్మయ్య గురించి బ్రహ్మాండంగా మాట్లాడాడు. ఆయన్ని చిరంజీవి అన్నాడు. మణెమ్మను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాడు. చప్పట్లు కొట్టారు. ఇక దిగుతుందనుకుంటే మణెమ్మ మైకు అందుకుంది. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినబడే గొంతు ఆమెది, మైకు అక్కర్లేదు కూడా.

"మా నాయన గురించి సారు మంచిగ చెప్పిన్రు. సంతోషం. ఒక్క మాట అడుగుత. సారూ, మా నాయన పట్టీ మీరు ఎన్నడన్న పెట్టుకున్నరా?"

మురహరి నవ్వాడు. "లేదమ్మా. దానికి శిక్షణ పొందినవాళ్ళున్నారు."

"దాంతోని ఏ నష్టం లేదని మీరే చెప్తిరి. ఏ నష్టం లేనిది పిల్లల ముందట ఒకసారి పెట్టుకోరాదు? మా నాయన నడిచిన బాటల మీరు నడిస్తె మాకు సంబురం. గదే నాకు శాలువా."

ముందు వరసలో ఒక టీచరమ్మ, "అవును సర్, పెట్టుకోండి," అంది. పిల్లలు చప్పట్లందుకున్నారు. కెమెరాలు ఆయన వైపు తిరిగాయి. మురహరి ఒక్క క్షణం పట్టీ ఉన్న పెట్టె వైపు చూసి, పెదవులు తడుపుకున్నాడు. అంతమంది ముందు తన యంత్రానికి తనే జంకితే ఇక మొహం ఎక్కడ పెట్టుకుంటాడు? సరేనన్నాడు. సంగప్పను దగ్గరికి పిలిచి, "కొద్దిసేపు చాలు, తీసెయ్," అని మెల్లగా చెప్పాడు. సంగప్ప తల ఊపి పట్టీ కట్టాడు.

మురహరి కళ్ళు మూసుకున్నాడు. భుజాలు వాలాయి, నడుం కొంచెం వంగింది. కళ్ళు తెరిచి, కాళ్ళకున్న బూట్లను చూసి, ఇవెక్కడివన్నట్టు విప్పి గట్టు కింద పెట్టాడు. చెప్పుకాళ్ళతో కుర్మయ్య ఎన్నడూ మోటబాట తొక్కలేదు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి ఎడ్ల దగ్గరికి నడిచాడు. నాలుక చప్పుడు చేశాడు. ఎడ్లు పల్లానికి దిగాయి, ఆయన మోకు మీద కూర్చున్నాడు, ముందు జానెడు జాగా వదిలి.

"వచ్చినవా పిట్టా."

"వచ్చిన నాయనా," అని మణెమ్మ వేదిక దిగి బాట పక్కన నడవసాగింది.

"సన్నబడ్డవ్ బిడ్డా. బస్సుల నిలవడి నిలవడి కాళ్ళు వాయలేదు గద?"

"లేదు నాయనా, మంచిగనే ఉన్న."

"రా, కూసో ఈడ. నేనొక్కన్ని సాలుతలేను."

"ఇప్పుడు నేను కూసుంటె మోకు తెగుతది నాయనా."

ఆయన పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. డాక్టర్ మురహరి మొహం అలా నవ్వగలదని ఆయన దగ్గర పనిచేసేవాళ్ళెవరికీ తెలియదు. మణెమ్మ కూడా నవ్వింది. గుండె నిండిపోయింది. పక్కనే పగ కూడా ఉంది, అదీ నిండుగానే ఉంది. మోకు రాపిడికి ఆ మెత్తటి అరచేతులు చిట్లి నెత్తురు కారుతుంటే ఆమెకు చల్లగా అనిపించింది. కారనీ అనుకుంది. మొదటి తొట్టి నిండింది, రెండోదీ నిండింది. నీళ్ళు కాలువలో పడి పారుతున్నాయి.

అన్నం ఉడికేంత సేపు దాటింది. సంగప్ప ఆమె వైపు చూశాడు. మణెమ్మ తల అడ్డంగా ఊపింది. షామియానాలో జనం ఇటూ అటూ కదులుతున్నారు. ఆఫీసు మనిషి ఒకడు లేచి రాబోతే, సారు ఇప్పుడే వద్దన్నారని సంగప్ప చెప్పాడు. మరికాసేపు పోతే చాలు. మణెమ్మ మంచం గురించి, రాత్రికి ఏం వండాలా అని ఆలోచించడం మొదలుపెట్టింది. జొన్నరొట్టె, గోంగూర. నాయనకు ఇష్టం.

ఎడ్లు బాట సగంలో ఆగిపోయాయి. ఆయనే ఆపాడు. మోకు దిగి, ఎదురుగా ఎవరో ఉన్నట్టు చేతులు జోడించాడు.

"సారూ, ఇగ సాలు. జర ఆపుండ్రి."

జనం మెడలు చాచి చూశారు. ఆయన మాట్లాడుతున్నది వాళ్ళతో కాదు.

"మురహరి సారూ, మోకు మీద పిల్ల కనవడ్తలేదు. ఇప్పటిదాంక ఈడనే ఉండె. జర ఆపి సూడుండ్రి."

మణెమ్మ పరిగెత్తి ఆయన ముందుకొచ్చింది. "నాయనా, ఈడనే ఉన్న. నన్ను సూడు." ఆయన చూపు ఆమెలోంచి అవతలికి పోయింది. పట్టీ చివరి దాకా వచ్చేసింది. ఇది ఆనాడు మురహరి కుర్చీలో కూర్చున్నప్పటి జ్ఞాపకం. సంగప్ప ఎప్పుడూ ఇంతదూరం రాలేదు కాబట్టి ఇందులో ఇది ఉందని వాళ్ళిద్దరికీ తెలియదు. ఒక్క మురహరికే తెలుసు, అందుకే ముట్టేవాడు కాదు.

"మోట తీస్కోండ్రి సారూ. ఎడ్లను తీస్కోండ్రి, బావిని తీస్కోండ్రి. పిల్లను ఇడిసిపెట్టుండ్రి. దానికి తల్లి లేదు. కాలు మొక్కుత, జర ఆపుండ్రి." వంగి నేలను తాకాడు. "దాని పేరు నోట్లనే ఉంది సారూ, వస్తలేదు."

ముందు వరసలో టీచరమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. కెమెరాలన్నీ తిరుగుతూనే ఉన్నాయి. మురహరి తనకు ముందు తెలియదన్నాడు, ఇంటికి పోయాక బయటపడిందన్నాడు. నాయన కుర్చీలో కూర్చుని కాళ్ళు మొక్కుతుంటే చూస్తూ నిలబడి, ఆపలేదు. మణెమ్మ కడుపులో మంట నెత్తికెక్కింది. ఇప్పుడు కాదు, ఇంకో గంట ఉంచుతా, ఇంకో పూట ఉంచుతా అనుకుంది.

"అక్కా," అన్నాడు సంగప్ప ఆమె చెయ్యి పట్టుకుని. "చివరిదాంక పోతే మల్ల మొదటికొస్తదని నేర్పినప్పుడే చెప్పిన్రు. గట్లనే తిరుగుతది. ఇది అంటుకుంటె ఈ ఒళ్ళున్నన్ని దినాలు మీ నాయన గిట్లనే తిరుగుతడు."

అప్పటికే ఆయన కళ్ళు తుడుచుకుని, ఎడ్ల తోకలు సవరించి, మోకు దగ్గరికి వస్తున్నాడు. మణెమ్మను చూశాడు. మొహం వెలిగింది.

"వచ్చినవా పిట్టా."

ఆమె ఇక చూడలేకపోయింది. ఒక్క అంగలో దగ్గరికి పోయి, నుదుటి మీది పట్టీని రెండు చేతులా పట్టుకుని ఊడబెరికింది. మురహరి బతకాలని కాదు, ఆయన గురించి ఆ క్షణంలో ఆమెకు తలపే లేదు. ఆ ముసలి ప్రాణం రెండోసారి చేతులు జోడించడం చూడలేక తీసింది. పట్టీని ఎత్తి బావిలోకి విసిరికొట్టింది. ఆఫీసు వాళ్ళు కేకలేస్తూ వచ్చేసరికి అది నీళ్ళలో మునిగింది. లోపలి సరుకుకు తడి తగిలితే ఇక దేనికీ పనికిరాదని తరవాత చెప్పారు.

మురహరి బాట మీద చతికిలబడి ఉన్నాడు. నెత్తురు చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు వాటినే చూసుకున్నాడు. తరవాత తలెత్తాడు. కళ్ళు మురహరివే, చదువుకున్న మనిషి కళ్ళు. అవి మణెమ్మను వెతికి పట్టుకున్నాయి.

"పిట్టా," అన్నాడు.

మణెమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఆపమని నేను బతిమాలాను," అన్నాడాయన తన మామూలు భాషలో. "నేనే ఆపలేదు. నువ్వు కనబడకుండా పోయావు. ఎంత వెతికానో." చెయ్యి చాపాడు. "సన్నబడ్డావు తల్లీ."

అప్పుడర్థమైంది ఆమెకు. మురహరి ఎక్కడికీ పోలేదు. కుర్మయ్య పూర్తిగా రాలేదు. కానీ కొంతసేపు నానిన బట్టకు రంగు అంటినట్టు ఒకటి అంటింది, ఆ ఒకటీ ఆమే. ఈ భూమ్మీద ఆమెను పిట్టా అని పిలిచే ప్రాణం ఇక ఈ ఒంట్లో తప్ప ఎక్కడా లేదు. పట్టీని బావిలో పడేసింది తనే. ఒక్క అడుగు ముందుకేసి ఆ చెయ్యి పట్టుకుంటే చాలు. మణెమ్మ భుజం మీది శాలువా తీసి, మడత పెట్టి, కుర్చీలో పెట్టి, కమాను వైపు నడిచింది. వెనక నుంచి ఆయన పిలుస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రానికే ఆ వీడియో ఊరూరా ఫోన్లలో తిరిగింది. విచారణ వేశారు, మ్యూజియానికి తాళం పడింది. మిగతా పట్టీలను బతికున్న దాతలకు తిరిగి పెట్టించారు. సంగప్ప పెళ్ళాం తిరిగొచ్చింది, అతను మక్తల్‌లో టీ కొట్టు పెట్టుకున్నాడు. మురహరి మీద కేసు నడుస్తోంది. హైదరాబాదులో ఆయనకు భార్య, ఎదిగిన కొడుకు ఉన్నారు. వాళ్ళెవరినీ ఆయన మరిచిపోలేదు. కాకపోతే నెలకు రెండు మూడుసార్లు బస్సెక్కి మహబూబ్‌నగర్ వస్తాడు. స్టాండులో నిలబడి నారాయణపేట బస్సులన్నీ వదిలేసి, మణెమ్మ డ్యూటీలో ఉన్న బస్సు మాత్రమే ఎక్కుతాడు.

మొదటిసారి ఆయన ఎక్కినప్పుడు మణెమ్మ టికెట్టు కొట్టడమే మరిచింది. తరవాత మరవలేదు. ఎప్పుడూ ముందు సీటే, ఆమె నిలబడే చోటుకు ఎదురుగా. చేతుల మీద మచ్చలు పోలేదు. చూపు ఆమె మీంచి తీయడు.

"ఏడికి సార్?" అంటుంది మణెమ్మ.

"నారాయణపేట," అంటాడు. తరవాత గొంతు తగ్గించి, "అన్నం తిన్నావా అమ్మా?" అంటాడు. గొంతు మురహరిదే, భాష మురహరిదే. అడుగుతున్నది ఎవరో ఆమెకు బాగా తెలుసు. మణెమ్మ టికెట్టు చింపి చేతిలో పెట్టి, పక్క సీటు వైపు తిరిగి, "టికెట్, టికెట్," అంటుంది. సొంత కూతురి మొహం చూసి గుర్తు పట్టనివాడు ఎలా ఉంటాడో ఆమె ఏడాదిన్నర పాటు ఎదురుగా చూసింది. అలా ఉండడం ఎలాగో ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మొన్న కూరగాయల గంపతో ఎక్కిన ఒక ముసలమ్మ ఇదంతా చూసి ఉండబట్టలేక, "పాపం, ఎవరు బిడ్డా ఆయన? నీకు సుట్టమా?" అని అడిగింది.

ఆయన కూడా తలెత్తాడు, జవాబు కోసం.

"ఎరుకలేదవ్వా. ప్యాసింజరు," అంది మణెమ్మ ఆయనకు వినబడేలా.

ఆయన తల దించుకుని కిటికీలోంచి బయటికి చూశాడు. మధ్యాహ్నం దాటింది, పొద్దున డ్యూటీ ఎక్కినప్పటి నుంచి మణెమ్మ ఏమీ తినలేదు, ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి. టిఫిన్ డబ్బా సీటు కిందే ఉంది. తను తింటుంటే ఒక్కసారి చూస్తే చాలు, ఆ మనిషి ప్రాణం కుదుటపడుతుందని ఆమెకు తెలుసు. నారాయణపేటలో ఆయన దిగి కనుమరుగయ్యేదాకా ఆమె డబ్బా మూత తీయలేదు.